ఒకే రచయిత్రి, రెండు చారిత్రక ప్రేమ నవలలు: భీమిలి కథా, పద్మనాభం కథా, ఏది మేలు?

పోయిన నెల మా పిన్ని కూతురు అడిగింది, "అక్కా, ఆ రచయిత్రి గురించి అంతలా చెప్తావు కదా, ఏది ముందు చదవమంటావు, పాతదా కొత్తదా" అని. కొత్తది చదువమ్మా అని నోరారా అనలేకపోయాను, అదే నా బాధ. ఇంటర్ చదివేటప్పుడు విశాఖ ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో ఆవిడ భీమిలి నవల చేతికి దొరికిన దగ్గర్నుంచి ఆవిడ రాసింది ఒక్కటీ వదల్లేదు నేను. కొత్తది మన విశాఖ దగ్గరి పద్మనాభం యుద్ధం మీద అని తెలిసి వచ్చిన రోజే 350 రూపాయలు పెట్టి కొన్నా, రెండు రాత్రుల్లో అయిపోయింది, మూసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

కథకి సరుకు ఎందులో ఎక్కువ అంటే కొత్తదాంట్లోనే. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, పేష్కషు (ఏటా కట్టే కప్పం) బాకీ పడితే, నెలకి 1200 రూపాయలు ఇస్తాం మచిలీపట్నం పోయి ఉండమన్నారు, ఆయన వెళ్ళలేదు. జులై 10న తెల్లవారుతూండగానే కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యం పద్మనాభంలో మీద పడింది, గంట కూడా పట్టలేదు అంతా అయిపోడానికి, రాజుగారితో పాటు ఆయన్ని వదలకుండా నిలబడ్డ వాళ్ళూ పోయారు. ఆయన కొడుకు, చిన్నపిల్లాడు నారాయణబాబుని మన్యం వైపు మక్కువకి దాటించేశారు. మక్కువ! ప్రేమకథ రాసేవాళ్ళకి ఊరి పేరే అలా చేతికొస్తే ఇంకేం కావాలి చెప్పండి.

కానీ నవలలో ఇదంతా మొదటి నలభై పేజీల్లో గబగబా అయిపోతుంది, తర్వాత గాయపడ్డ హీరో, వాడికి సేవ చేసే హీరోయిన్, కొండ కింద ఒక ఇల్లు, అంతే. ఆ ఇద్దర్నీ తీసుకొచ్చి ఇవాళ ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాట్‌లో పెట్టినా ఒక్క మాట మార్చక్కర్లేదు. బాకీ గొడవ వాళ్ళని తాకదు, కుంపిణీ భయం వాళ్ళకి ఉండదు, పొలం ఎవరిదో, తిండి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీదు. మాటలైతే అందరూ పాత సినిమాలో దర్బారు సీన్‌లాగా మాట్లాడతారు, మన వైపు "ఏటి", "ఎందుకురా నాయినా" లాంటి మాట ఒక్కటి వినపడదు.

నాకు మరీ గుచ్చుకున్న సీన్ ఒకటుంది. రాత్రి, చీకటి, హీరో అగ్గిపుల్ల గీసి మొదటిసారి ఆ అమ్మాయి మొహం చూస్తాడు. అగ్గిపుల్ల అమ్మకానికి రావడమే 1827లో, అదీ ఇంగ్లండులో. తప్పు దొరికిందని నేను పండగ చేసుకోవట్లేదండీ, ఆవిడే చేజేతులా ఏం పోగొట్టుకున్నారో చూడండి. అప్పట్లో అయితే చెకుముకి రాయి కొట్టాలి, ఒకటికి నాలుగుసార్లు కొట్టాలి, రవ్వ ఎగిరినప్పుడల్లా మొహం ఒక్క క్షణం కనపడి పోతుంది, ముక్కుపుడక ఒకసారి, చెంప ఒకసారి, తర్వాత దూది అంటుకుంటే ఊదాలి, ఊదాలంటే ఇద్దరూ దగ్గరికి వంగాలి. ఆ కాలమే అంత మంచి ప్రేమ సన్నివేశం రాసి పెడితే అగ్గిపుల్లతో అర నిమిషంలో తేల్చేశారు. పాత నవల రాసిన చెయ్యి అయితే ఇలా చెయ్యదు.

ఎందుకంటే పాతదాంట్లో సరిగ్గా అదే ఉంది. భీమిలిలో డచ్చివాళ్ళు బట్టల వ్యాపారం చేసే రోజులు, నేతవాళ్ళకి ముందే డబ్బిచ్చి కట్టేసుకుంటారు, బట్ట తెచ్చాక బాలేదని ధర కోస్తారు. హీరో దుబాసీ దగ్గర, అంటే డచ్చివాళ్ళకి మాటా బేరమూ కుదిర్చే మధ్యవర్తి దగ్గర, పద్దులు రాసే కుర్రాడు, హీరోయిన్ నేతగాడి కూతురు. వాళ్ళ నాన్న బాకీ రాయాల్సింది వీడే! ప్రతి ఆదివారం కలుసుకుంటారు, ప్రతి సోమవారం వాడు ఆ ఇంటి పేరు కింద ఇంకో అంకె వెయ్యాలి. వాళ్ళ మధ్య విలన్ ఎవరూ లేడు, ఆ పద్దు పుస్తకమే ఉంది. బట్ట కొలవడానికి వాడు అంచు పట్టుకుంటే ఆ అమ్మాయి రెండో చివర వదలదు, వేళ్ళకి గంజి వాసన, ఇద్దరూ పడుగు దారాలు లెక్కపెడుతూ ఉంటారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. ఆ పేజీ చదివాక నేను ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి భీమిలి వెళ్ళి డచ్చి సమాధుల మధ్య తిరిగి వచ్చాను, అప్పుడు నాకు పదిహేడేళ్ళు.

పాతదాంట్లో లోపం లేదా అంటే ఉంది, మధ్యలో ఓడల గురించి ఒక ముప్పై పేజీలు సాగుతాయి, చివర ఆ కుర్రాడి నిర్ణయం కొంచెం హడావుడిగా వచ్చేస్తుంది. కొత్తదే చదవడానికి తేలిక, ప్రయాణంలో అయిపోతుంది, అచ్చు కూడా పెద్దది, మా అమ్మకి అదే నచ్చింది. సరదాగా ఒక ఆదివారం గడవాలంటే కొత్తది చాలు. ఆవిడ ఎంత గొప్పగా రాయగలరో తెలియాలంటే మాత్రం పాతదే, నాకు దీంట్లో రెండో మాట లేదు, 350 పెట్టక్కర్లేదు కూడా, లైబ్రరీలో వెతుక్కోండి.

కొత్తదాంట్లో పిల్లాణ్ణి మక్కువ తీసుకెళ్ళే రాత్రి ఒకటుంది, పేజీన్నర. దాది వాడి కాళ్ళ కడియాలకి గుడ్డ చుడుతుంది చప్పుడు కాకుండా, వాడు ఆటేమో అనుకుని నవ్వుతాడు, ఆవిడ నోరు మూస్తుంది. అక్కడ ఏడ్చేశాను. నవలంతా ఆ దాదిదే అయ్యుంటే ఎంత బావుణ్ణో! మా చెల్లికి పాతది ఇచ్చి పంపించాను. కొత్తది నా దగ్గరే ఉంది, కావాలన్నవాళ్ళకి ఇస్తాను, ఆ పేజీ దగ్గర మడత పెట్టి ఉంటుంది, ముందు అది చదవండి.