హెబ్డెన్ బ్రిడ్జ్‌లో బస వద్దు, పైనున్న హెప్టన్‌స్టాల్ చాపెల్ మాత్రం వదలొద్దు

యార్క్‌షైర్ వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది యార్క్ నగరం, హావర్త్‌లో బ్రాంటే అక్కచెల్లెళ్ల ఇల్లు చూసి తిరిగొచ్చేస్తారు. మెదక్ వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబాల పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం హెప్టన్‌స్టాల్ అనే కొండమీది పల్లె తప్పకుండా పెట్టుకోండి. 1764లో కట్టిన ఎనిమిది మూలల చిన్న మెథడిస్ట్ చాపెల్, అంటే ప్రార్థన మందిరం, అక్కడ ఉంది. మెదక్‌కి మిషనరీలను పంపిన వెస్లియన్ సంఘం (జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్ట్ శాఖ) ఇలాంటి పల్లె చాపెళ్లలోనే వేళ్లూనుకుంది.

ముందు బస సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడే డబ్బూ మనశ్శాంతీ రెండూ పోయాయి. కొండ కింద ఉన్న హెబ్డెన్ బ్రిడ్జ్‌లో రాత్రికి గదికి 118 పౌండ్ల చొప్పున రెండు గదులు. ప్రకటనలో 'గ్రౌండ్ ఫ్లోర్, పార్కింగ్ ఉంది' అని రాశారు. తీరా వెళ్తే బండి ఆగిన వీధి నుంచి మూడు అంతస్తులు ఎక్కాలి. అడిగితే, వెనక వీధి వైపు నుంచి చూస్తే అది గ్రౌండ్ ఫ్లోరే అన్నారు. మాట అబద్ధం కాదు, అదే మోసం. లోయలో చదును నేల లేక ఆ ఊళ్లో ఒక ఇంటి నెత్తిన ఇంకో ఇల్లు కట్టారు. కింది ఇంటి గుమ్మం కింది వీధిలో, పై ఇంటి గుమ్మం వెనక పై వీధిలో ఉంటాయి. పై వీధికి బండి పోయే దారి ఉందో లేదో ఎవరూ ముందుగా చెప్పరు. పార్కింగ్ అంటే ఊరి పార్కింగే, దానికి డబ్బు వేరే. టిఫిన్ మనిషికి 9.50 పౌండ్లు, అదీ చల్లారిన టోస్టు. రాత్రి పదికి హీటర్లు ఆపేశారు. మోకాళ్ల నొప్పితో అత్తయ్య ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఊళ్లో బుక్ చేసేవాళ్లు అంతస్తు అడగొద్దు, 'బండి ఆగేచోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు' అని రాతపూర్వకంగా అడగండి. అంతకన్నా మేలు లీడ్స్‌లోనో హాలిఫాక్స్‌లోనో ఉండి రైల్లో రావడం. లీడ్స్ నుంచి మాంచెస్టర్ విక్టోరియా వెళ్లే రైళ్లు హెబ్డెన్ బ్రిడ్జ్‌లో ఆగుతాయి. 60 దాటిన పెద్దలకు సీనియర్ రైల్‌కార్డ్ తీసుకుంటే టికెట్టులో మూడోవంతు తగ్గుతుంది. ఇండియా పాస్‌పోర్టు చూపించినా ఇస్తారు.

కింది నుంచి పైకి 'బట్రెస్' అనే పాత బాట ఉంది. రాళ్లు పరిచిన నిట్టనిలువు దారి, వాన పడితే సబ్బులా జారుతుంది. పెద్దవాళ్లతో ఆ దారి పట్టొద్దు, పైకి చిన్న బస్సు వెళ్తుంది. ఓపికున్నవాళ్లు మాత్రం ఒక్కసారైనా నడవాలి, ఎందుకంటే చాపెల్ కప్పు కథ అర్థమయ్యేది ఇలాంటి బాట మీదే.

ఒకప్పుడు లోయ చిత్తడి నేల. అందుకే హెప్టన్‌స్టాల్ గుట్టమీద పుట్టింది. అక్కడివాళ్లు ఉన్ని నేత పనివాళ్లు. మగ్గానికి వెలుతురు కావాలి కాబట్టి పాత ఇళ్ల మేడగదులకు కిటికీలు వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. 1740ల్లో విలియం డార్నీ అనే స్కాట్లాండ్ మూటల వర్తకుడు ఊరూరా తిరుగుతూ సువార్త చెప్పి, ఈ పల్లెల్లో చిన్న సంఘాలు కూర్చాడు. 1742 నుంచి 1763లో చనిపోయేదాకా హావర్త్ పాస్టరుగా ఉన్న విలియం గ్రిమ్‌షా వాటికి అండ. ఆయన గుడిలో పొడవాటి 119వ కీర్తన మొదలుపెట్టించి, అది ముగిసేలోపు సారాయి దుకాణాల్లో ఉన్నవాళ్లను తోలుకొచ్చేవాడని చెబుతారు. జాన్ వెస్లీ 1747లో హెప్టన్‌స్టాల్ వచ్చాడు.

మందిరం లేని ఆ రోజుల్లో సంఘాన్ని నిలబెట్టింది క్లాసు పద్ధతి. పన్నెండు మందికి ఒక నాయకుడు, తలా వారానికి ఒక పెన్నీ. 1742లో బ్రిస్టల్ మందిరం అప్పు తీర్చడానికి మొదలైన ఏర్పాటు ఇది. పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్లే నాయకుడికి ఎవరి నడవడి ఎలా ఉందో కూడా తెలిసేది. మూడు నెలలకోసారి సభ్యత్వపు టికెట్టు ఇచ్చేవారు, నడవడి బాగా లేకపోతే టికెట్టు ఉండదు.

తర్వాత మందిరం కట్టారు. ఎనిమిది మూలలు ఎందుకంటే గొంతు కోసం. మైకులు లేని కాలంలో ప్రసంగికుడికి ఎవరూ దూరం కాకూడదు. వెస్లీ నార్విచ్‌లో వేరే సంఘంవారి అష్టకోణ మందిరం చూసి మెచ్చుకున్నాడు. స్థలం వీలైతే ఇదే ఆకారంలో కట్టండని తర్వాత నియమమే పెట్టాడు. అవసరానికి మించి ఖర్చు పెట్టొద్దని, పెడితే డబ్బున్నవాళ్ల మీద ఆధారపడాల్సి వస్తుందని కూడా హెచ్చరించాడు. గోడలు స్థానికులు లేపగలరు, చిక్కంతా కప్పుతోనే. మామూలు కప్పుకి రెండు వాలులు చాలు. ఇక్కడ ఎనిమిది వాలులు ఒక్క శిఖరంలో కలవాలి, ఒక్క దూలం కోణం తప్పినా మిగతా ఏడూ కుదరవు. రోథర్‌హామ్‌లో అలాంటి మందిరం అప్పటికే కట్టారు కాబట్టి కప్పు అక్కడే చేయించారు. చెక్కలను దాదాపు 40 మైళ్లు గుర్రాల వీపుల మీద తెచ్చారు. ఊరివాళ్లు ఎదురెళ్లి కీర్తనలు పాడుతూ వాటిని తీసుకొచ్చారంటారు. కప్పు ఇంకా పడకముందే, నాలుగు గోడల మధ్య వెస్లీ ప్రసంగించాడు.

జనం పెరిగి 1802లో ఒక కొస విప్పి ముందుకు జరిపారు. అందుకే ఇప్పుడు సరిసమాన అష్టకోణం కాదు, రెండు పక్కగోడలు పొడుగు. లోపలికి వెళ్లగానే ఆ రెండు గోడలే చూడండి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా కలిపారో ఊహించవచ్చు. ఆ తర్వాత మిల్లులు నీటి కోసం లోయలోకి దిగాయి, జనమూ దిగారు. పైన ఊరు పెరగలేదు కాబట్టే చాపెల్‌ని పడగొట్టి పెద్దది కట్టాల్సిన పని రాలేదు.

తప్పకుండా గ్యాలరీ ఎక్కి కూర్చోండి. మామయ్య కింద నిలబడి 23వ కీర్తన తెలుగులో మామూలు గొంతుతోనే చదివారు. పైన చివరి బల్ల దాకా ప్రతి పొల్లూ వినిపించింది. పొద్దున్నుంచి ముభావంగా ఉన్న అత్తయ్య అక్కడే మొదటిసారి నవ్వారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ గుడికి 175 అడుగుల గోపురం ఉంది. ఆ గుడి నీడలో పెరిగినవాళ్లకు దాని మూలం ఇంత పొట్టిగా, ఇంత సాదాగా ఉండటం ఆశ్చర్యం. మిషనరీ పాస్నెట్ దొర ఆ గుడి కట్టించిన తీరుకీ, వెస్లీ ఖర్చు నియమానికీ పొత్తు ఎలా కుదిరిందని మామయ్య తిరుగు దారంతా వాదించారు.

తలుపు తెరిచే వేళలు మారుతుంటాయి, ముందే కనుక్కుని వెళ్లండి. టీ, స్కోన్ 5.80 పౌండ్లు, ఆ ధరకి పర్వాలేదు. గంటన్నర మిగిలితే 1847 తుఫానుకి దెబ్బతిన్న పాత సెయింట్ థామస్ చర్చి శిథిలాలు పక్కనే ఉన్నాయి. ఇంకా సమయం ఉంటే హావర్త్ కంటే లడెండెన్ వెళ్లమంటాను. గ్రిమ్‌షా సమాధి అక్కడ ఉంది, జనం రద్దీ ఉండదు.