నిమ్మగడ్డి: విత్తనమా, పిలకలా?

బెంగళూరులో నిమ్మగడ్డి సాగు గురించి వాకబు చేయడానికి హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చే మన రైతులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది.

ఖర్చు: విత్తనం ఎకరానికి కిలోన్నర చాలు, చేతిసంచిలో తెచ్చుకోవచ్చు. పిలకలైతే 60×30 సెంటీమీటర్ల ఎడంలో 22 వేలకు పైగా కావాలి. రవాణాయే బరువు.

శ్రమ: విత్తనానికి రెండు నెలల నారుమడి తప్పదు. పిలకలకు దుబ్బు చీల్చి, ఆకు కొనలు, పాత వేర్లు కత్తిరించి నాటేయడమే.

అసలు తేడా నిలకడలో ఉంది. పరపరాగ సంపర్కం వల్ల, అంటే వేరే మొక్క పుప్పొడితో గింజ కట్టడం వల్ల, గింజ మొక్కలు తల్లిని పోలి ఉంటాయన్న భరోసా లేదు. అలాంటి పొలంలో పక్కపక్క దుబ్బుల ఆకులు నలిపి చూడండి: ఒకటి నిమ్మతొక్కలా గుప్పుమంటుంది, రెండోది పచ్చిగడ్డి వాసనే. ఈ గడ్డి నుంచి తీసే నూనెకు ధర పలికేది, నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ అనే పదార్థాన్ని బట్టే కాబట్టి ఈ తేడా నేరుగా జేబుకు తగులుతుంది. పిలక మాత్రం తల్లికి అచ్చు నకలు. కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ (సీమ్యాప్) విడుదల చేసిన ‘కృష్ణ’ లాంటి రకం గుణం చెడకుండా ఉండాలంటే పిలకలే దారి.

ముప్పు కూడా ఉంది: అన్నీ ఒకే తల్లి పిలకలైతే, ఒకదాన్ని పట్టిన తెగులు అన్నిటినీ పట్టగలదు.

నూనె అమ్ముకుని బతకాలనుకునే రైతుకు నేను పిలకలే చెబుతాను. నాలుగైదేళ్లు నిలిచే పంటలో మొదటి ఖర్చుకు జంకకూడదు. కొత్త రకం కోసం వెతికేవారికి విత్తనమే కావాలి. వందల మొక్కల్లో మేలైన దుబ్బును గుర్తించి, రెండు మూడు కోతల నూనె తూచాక, దాన్నే పిలకలుగా పెంచాలి.