విజయనగరంలో ఇంటి సర్వర్‌పై ఇమ్మిచ్: వాడకందారు సమీక్ష

ఇంట్లోని ఫోన్లన్నిటి ఫొటోలనూ సొంత కంప్యూటర్‌లో దాచుకోవాలనుకునేవారికి ఇమ్మిచ్‌కు మించిన ఉచిత సాఫ్ట్‌వేర్ నాకు కనబడలేదు. అయితే ఫొటోలను చూపించే పని ఎంత చక్కగా చేస్తుందో, వాటిని కాపాడే బాధ్యతను అంత పూర్తిగానూ ఇంటివారి మీదే వదిలేస్తుంది.

2022లో మొదలైన ఈ ప్రాజెక్టు 2025 అక్టోబరులో 2.0 సంచికతో స్థిరమైన విడుదలగా ప్రకటించుకుంది. సాఫ్ట్‌వేర్ భాగాలన్నిటినీ ఒకే సెట్టింగుల ఫైలుతో నడిపించే డాకర్ కంపోజ్ తెలిసినవారికి దీన్ని ఎక్కించడం పెద్ద పని కాదు. మా ఇంట్లో ఇది 8 జీబీ ర్యామ్ ఉన్న ఒక పాత మినీ పీసీ మీద నడుస్తోంది. ఫొటోల వివరాలుండే డేటాబేస్‌ను వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలోనూ ఫొటోలను పెద్ద హార్డ్ డిస్క్‌లోనూ ఉంచాము. పాత ఫొటోలన్నీ ఒక్కసారిగా ఎక్కించినప్పుడు ముఖాల గుర్తింపు, వీడియోల మార్పిడి వంటి పనులతో ప్రాసెసర్‌కు ఊపిరాడదు గానీ, ఆ తరువాత కంప్యూటర్ ఉన్నట్టే తెలియదు.

వెతుకులాట విషయంలో తెలుగువారు ఒక మాట గమనించాలి. రాసిన మాటలను బట్టి ఫొటోలను పోల్చి వెతికే ఏఐ మోడల్ ఇమ్మిచ్‌లో ఉంటుంది; మొదట వచ్చే మోడల్‌కు ఇంగ్లీషు మాత్రమే వచ్చు. సెట్టింగుల్లో బహుభాషా మోడల్‌ను ఎంచుకుని ఫొటోలన్నిటినీ మళ్లీ చదివిస్తే, 'గుడి ముందు జనం' అని తెలుగులో రాసినా పనికివచ్చే ఫలితాలే వస్తాయి. ర్యామ్ మాత్రం ఎక్కువ తింటుంది. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవాన్ని పేరు పెట్టి అడిగితే దానికి తెలియదు కనుక, ఏ ఏటికి ఆ ఏడు విజయదశమి తరువాతి మంగళవారం ఏ తేదీన వచ్చిందో చూసుకుని వెతకడమే దారి. చిన్ననాటి ముఖాన్నీ ఎదిగిన ముఖాన్నీ ఇద్దరు మనుషులుగా చూపడం కూడా ఉంది, కానీ వాటిని కలిపివేయడం సులువే.

అసలు చిక్కు ఇంటి బయటినుంచి చూడాలనుకున్నప్పుడు వస్తుంది. మాతో సహా చాలామంది ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరుకోగల చిరునామా, ఉండదు. రౌటర్ పేజీలోని వ్యాన్ (బయటి వైపు) చిరునామా 100.64కూ 100.127కూ మధ్య అంకెలతో మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చే అభ్యర్థనలను రౌటర్ ద్వారా సర్వర్‌కు పంపడం) చేసి ప్రయోజనం లేదు. పబ్లిక్ ఐపీ ఉన్నా సరే, ఫొటోల సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం నాకు సమ్మతం కాదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి ఆధారంగా మన పరికరాలను మాత్రమే ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్‌ను సర్వర్‌లోనూ ఫోన్లలోనూ పెట్టుకుంటే, హైదరాబాదులో ఉన్న పిల్లలు తీసిన ఫొటోలు కూడా తిన్నగా ఇంటి డిస్క్‌లోకి చేరుతాయి. ఇంటి వైఫైలో ఒక చిరునామాను, బయట మరొక చిరునామాను ఇమ్మిచ్ యాప్ తానే మార్చుకునే ఏర్పాటు ఉండడం వల్ల పెద్దవాళ్లకు ఏమీ నేర్పనక్కరలేదు. పరికరాలను ఒకదానికొకటి పరిచయం చేసే టెయిల్‌స్కేల్ నియంత్రణ సర్వర్ ఆ కంపెనీదే అన్న అభ్యంతరం న్యాయమైనదే. దాని బదులు ఆ పనే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ హెడ్‌స్కేల్‌ను సొంతంగా నడపాలంటే మళ్లీ బయటికి కనిపించే చిరునామా ఒకటి కావాలి, అంటే అద్దె సర్వర్ తప్పదు.

ఇమ్మిచ్ రోజూ రాత్రి 2 గంటలకు డేటాబేస్ ప్రతిని తీసి, చివరి 14 ప్రతులను ఉంచుకుంటుంది. దీన్ని చూసి బ్యాకప్ అయిపోయిందనుకునేవారున్నారు. ఆ ప్రతుల్లో ఆల్బమ్‌లు, పేర్లు, తేదీలు ఉంటాయి తప్ప ఒక్క ఫొటో కూడా ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయిన సంగతి తెలిసిన జిల్లాల్లో, ఒక్క ఇంట్లోని ఒక్క డిస్క్‌ను నమ్ముకోవడం తగదు. యూపీఎస్ కంప్యూటర్‌ను సవ్యంగా ఆపడానికి పనికివస్తుంది, అంతే. రెండో డిస్క్ వేరే ఊరిలో ఉండాలి. మాది ఆమదాలవలసలో చెల్లెలి ఇంట్లో ఉంటుంది.

గూగుల్ నుంచి మన డేటాను దించుకునే టేక్‌అవుట్ సేవతో తెచ్చుకున్న పాత ఫొటోలను ఇమ్మిచ్-గో అనే సాధనంతో ఎక్కిస్తే, ఫొటోల పక్కనే వివరాలతో వచ్చే జేసన్ ఫైళ్లలోని తేదీలను కూడా అది చదువుకుంటుంది. ఆ రెండో డిస్క్ నుంచి కొన్ని ఫొటోలనైనా తిరిగి తెరిచి చూసేవరకు గూగుల్‌లోని ప్రతిని చెరపవద్దు.