గృహహింస వార్తలు రాయడంపై ఆన్‌లైన్ క్లాసు: మూడు సాయంత్రాలు కూర్చున్నాక

గృహహింస మీద ఏళ్ల తరబడి రాస్తూ పోరాడుతున్న ఒక జర్నలిస్టు, రిపోర్టర్లకీ డెస్క్ వాళ్లకీ మూడు రోజుల ఆన్‌లైన్ క్లాసు పెడితే చేరాను. పేరు చెప్పట్లేదు, చివర్లో ఒక కంప్లయింట్ ఉంది కాబట్టి.

మొదటి రోజు పరిచయాలూ గిరిచయాలూ ఏమీ లేవు. తెర మీద ఒక హెడ్డింగ్ పెట్టారు: 'కుటుంబ కలహాలతో వివాహిత మృతి'. 'ఇందులో చంపిందెవరు?' అని అడిగారు. చాట్‌లో ఎవరూ ఒక్క అక్షరం కొట్టలేదు. నాకైతే ఒళ్లంతా చెమటలు, ఎందుకంటే అచ్చం అలాంటివి నా చేత్తో నేనే ఎన్ని పెట్టానో లెక్కలేదు. కలహం వెళ్లి ఎవర్నీ చంపదు కదా, చంపేది మనిషి, ఆ మనిషిని వాక్యంలోంచి ఎత్తేసేది మనం. 'క్షణికావేశంలో', 'వివాహేతర సంబంధమే కారణమా?', వీటినీ అలాగే ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోయారు. క్షణికావేశం అని రాసే ముందు ఆమె అంతకుముందు ఎన్నిసార్లు ఫిర్యాదు చేసిందో కనుక్కున్నారా అంటే ఏం చెప్తాం. ఈ ఒక్క సాయంత్రానికే కట్టిన ఫీజు మొత్తం వచ్చేసినట్టు.

రెండో రోజు బరువైన రోజు. గొంతు నులిమాడంటే దాన్ని మామూలు గొడవ కింద రాసేయొద్దని, తర్వాత ప్రాణం పోయే ప్రమాదానికి అది పెద్ద గుర్తని చెప్పారు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1980ల్లో తయారుచేసిన డేంజర్ అసెస్‌మెంట్ (బాధితురాలి ప్రాణానికి ఎంత ప్రమాదం ఉందో అంచనా వేసే ప్రశ్నావళి)లో ఇప్పుడున్న 20 ప్రశ్నలనీ చదివించారు. ఇంట్లో తుపాకీ ఉందా, చంపుతానని బెదిరించాడా, ఈమధ్య అతన్ని వదిలి వచ్చేశావా, ఇలా. వదిలి వచ్చేసే సమయమే అన్నిటికన్నా ప్రమాదం అని తెలిశాక, 'మరి ఎందుకు వదిలేయలేదు?' అని బాధితురాలిని అడగడానికి నోరు రాదు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద భాగస్వామి చేతిలోనో ఇంట్లోవాళ్ల చేతిలోనో చనిపోయిన ఆడవాళ్లు, ఆడపిల్లలు సుమారు 51,100 మంది, అంటే రోజుకి 140. ఆ అంకె మీద క్లాసు చెప్పేవారు ఎక్కువసేపు ఆగలేదు, మంచి పని చేశారు.

మూడో రోజు డల్. 2015లో అర్జెంటీనాలో జర్నలిస్టులు మొదలుపెట్టిన 'నీ ఉనా మెనోస్' ('ఒక్కరిని కూడా పోగొట్టుకోం' అని అర్థం) అనే, ఆడవాళ్ల హత్యలకి వ్యతిరేకంగా సాగిన ఉద్యమం గురించి చెప్తారని ఎదురుచూశాను. ఒక ట్వీట్‌తో మొదలై జూన్ 3న వీధుల్లోకి జనం పోటెత్తిన కథ అది, దాన్ని రెండు స్లైడ్లలో చదివేసి ముగించారు.

ఇక కంప్లయింట్. బాధితురాలి ఫోన్ భర్త కూడా చూస్తాడని అనుకునే మెసేజ్ పెట్టండి, లాక్ స్క్రీన్ మీద ఏం కనబడుతుందో ఆలోచించండి అని రెండో రోజు అరగంట చెప్పారు. అదే రోజు క్లాసుకి గంట ముందు నా ఫోన్ తెర మీద వచ్చిన రిమైండర్ ఏంటంటే, 'గృహహింస క్లాసు మొదలవుతోంది, సిద్ధంగా ఉండండి'! నాకేం కాలేదు గానీ, క్లాసులో ఉన్నవాళ్లు అందరూ ఊరికే వార్తలు రాసేవాళ్లే అని ఎవరు చెప్పగలరు? మెయిల్ పెడితే మర్నాడే సారీ చెప్పారు, మూడో రోజు 'సాయంత్రం క్లాసు' అని మాత్రమే వచ్చింది. రికార్డింగుల ఫోల్డర్‌కి మాత్రం పాత పేరే ఉంది, చేరేవాళ్లు దింపుకోగానే ఆ పేరు మార్చేసుకోండి.