గడియారం ఉన్నచోట ‘హ్యావ్’ ఉండదు: ఒక నర్సు చేరిన ఇంగ్లీషు తరగతి

విజయవాడలో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో తొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఈ మాటనే ఇంగ్లీషులో చెప్పమంటే మొన్న మొన్నటి వరకు ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ నైన్ ఇయర్స్’ అనేదాన్ని. అందులో రెండు తప్పులున్నాయని ఎవరూ చెప్పలేదు. నా చుట్టూ ఉన్నవాళ్లందరూ అలాగే అంటారు మరి. బ్రిటన్‌లో ఉద్యోగానికి ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాయాలనుకుని, గవర్నర్‌పేటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడం తన ఇంటి మేడ మీద నడిపే సాయంత్రం తరగతిలో చేరాను. ఎనిమిది వారాలు, ఫీజు 5,000 రూపాయలు.

హైస్కూలులో ‘ఐ హ్యావ్ ఈటెన్’ అంటే ‘నేను తినియున్నాను’ అని బట్టీ పట్టాం. మా ఇంట్లో ఏనాడూ ఎవరూ ‘తినియున్నాను’ అనలేదు. అందుకే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే పరీక్షలో తప్ప ఎక్కడా పనికిరాని టెన్స్ అని నా మనసులో పడిపోయింది.

మేడం మొదటి రోజు బోర్డు మీద పట్టిక గీయలేదు. “డ్యూటీ మారే వేళ వచ్చే సిస్టర్‌కు ఏం చెబుతావమ్మా?” అని నన్ను అడిగారు. తెలుగులోనే చెప్పాను: ‘పొద్దుటి నుంచి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆరింటికి ఇంజెక్షన్ ఇచ్చాను. ఇంకా మూత్రం రాలేదు.’ ఈ మూడింటిలో గడియారం ఎక్కడుందో చూడమన్నారు. ఆరింటికి ఇచ్చిన ఇంజెక్షన్ ఆరింటితోనే అయిపోయింది, కాబట్టి ‘గేవ్’. వాంతుల లెక్క ఇంకా ముగియలేదు, మూడోది కూడా కావచ్చు, కాబట్టి ‘హ్యాజ్ వామిటెడ్’. మూత్రం కోసం ఇంకా చూస్తూనే ఉన్నాం, అక్కడా ‘హ్యాజ్’ కావాలి. తెలుగులో ‘చేసుకున్నాడు’, ‘ఇచ్చాను’ రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇంగ్లీషు వాటిని విడదీస్తుంది. అయిపోయిన పనికి గడియారమో తేదీయో చెప్పినచోట ‘హ్యావ్’ ఉండదని ఆ రోజు నోట్‌బుక్కు అట్ట లోపల రాసుకున్నాను.

ఇక ‘నుంచి’ సంగతి. సోమవారం నుంచి జ్వరం, మూడు రోజుల నుంచి జ్వరం. మనకు రెండుచోట్లా ఒకటే మాట. ఇంగ్లీషులో జ్వరం మొదలైన రోజు చెబితే ‘సిన్స్’, ఎన్నాళ్లుగా ఉందో చెబితే ‘ఫర్’. పైగా మనం జ్వరం ‘ఉంది’ అంటాం కాబట్టి ‘ఈజ్ హ్యావింగ్ ఫీవర్’ అని రాసేస్తాం. అక్కడ ‘హ్యాజ్ హ్యాడ్’ రావాలి. మేడం దీనికి రెండు సాయంత్రాలు కేటాయించారు. నేను కట్టిన ఫీజు ఆ రెండు సాయంత్రాలకే చెల్లిపోయిందనిపించింది.

ఓఈటీలో నర్సులు కేస్ నోట్స్ చూసి ఉత్తరం రాయాలి. మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు చదవడానికే. నా మొదటి ఉత్తరంలో ‘హ్యాజ్ బీన్ అడ్మిటెడ్ ఆన్ థర్డ్ మార్చ్’ అని రాశాను. మేడం నా వాక్యాన్ని కొట్టెయ్యలేదు, తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిరిగి ఇచ్చారు. చూసిన మరుక్షణం ‘వాజ్ అడ్మిటెడ్’ అని నేనే దిద్దుకున్నాను. అలా దిద్దే ఉపాధ్యాయులు నాకు ఇంతకు ముందు దొరకలేదు.

లోపాలూ చెప్పాలి. తరగతిలో ఇరవై మందిమి. మాట్లాడే పరీక్షలో సుమారు ఐదేసి నిమిషాల రోల్‌ప్లేలు (ఎదుటివారిని రోగిగా అనుకుని మాట్లాడటం లాంటివి) రెండుంటాయి. అలాంటివి ఎనిమిది వారాల్లో నాకు మూడంటే మూడే వచ్చాయి. ఆ భాగం బలహీనంగా ఉన్నవాళ్లు విడిగా ఒక తోడు వెతుక్కోక తప్పదు. ఒకబ్బాయి అమెరికాలో ‘డిడ్ యూ ఈట్ యెట్’ అంటారు కదా అని అడిగితే, తప్పు అని కొట్టిపారేశారు. అది అమెరికాలో మామూలుగా వినిపించే మాటే. బ్రిటిష్ పద్ధతి వేరని ఒక్క ముక్క చెప్పి ఉంటే, హ్యూస్టన్‌లో అక్క దగ్గరికి వెళ్లబోతున్న ఆ అబ్బాయికి ఉపయోగపడేది.

తరగతి సరిగ్గా ఆరింటికి మొదలవుతుంది. షిఫ్టుల వల్ల నేను ఆరు తరగతులు పోగొట్టుకున్నాను. వాటిని మళ్లీ చెప్పే ఏర్పాటు లేదు. షిఫ్టు డ్యూటీ ఉన్నవాళ్లు చేరే ముందే ఈ విషయం మేడంతో మాట్లాడుకోండి. వార్డులో రోజూ చెప్పే నాలుగు మాటలు తెలుగులోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆవిడ పాఠం వాటితోనే మొదలుపెడతారు.