మార్చురీకి కరెంటు రంపం: కొంటే డస్ట్ పైపు ఉన్నదే కొనండి

పోస్టుమార్టంలో పుర్రె తెరవడానికి మన దగ్గర చాలా మార్చురీల్లో ఇప్పటికీ సుత్తీ ఉలే దిక్కు. వాటి బదులు వచ్చిన ఆసిలేటింగ్ (అటూ ఇటూ అదిరే) కరెంటు రంపాన్ని పని తొందరగా అవుతుందని చెప్పి అమ్ముతారు. ఆ మాట నిజమే గానీ, దీన్ని కొనాల్సింది అందుకు కాదు. ఉలి దెబ్బకు ఎముకలో కొత్త చీలికలు వస్తాయి, ఉన్న పగులు ఇంకాస్త పాకుతుంది. తలకు దెబ్బ తగిలిన కేసులో ఏ పగులు చావుకు ముందుది, ఏది బల్ల మీద వచ్చింది అని డిఫెన్స్ లాయరు అడిగితే జవాబు చెప్పడం కష్టం. రంపం గీత సన్నగా తిన్నగా పడుతుంది, ఫొటోలో కూడా పోల్చుకోవచ్చు.

ఇందులో బ్లేడు గిర్రున తిరగదు. నిమిషానికి పదివేలకు పైగా సార్లు కొద్దిగా అటూ ఇటూ అదురుతుంది. గట్టి ఎముక తెగుతుంది, మెత్తటి కండ దాంతోపాటే ఊగి తప్పించుకుంటుంది. అలాగని పుర్రె లోపల మెదడును కప్పి ఉండే పొరకు (డ్యూరా) ఢోకా లేదనుకోవద్దు. ముసలివాళ్లలో అది ఎముకకు అంటుకుపోయి ఉంటుంది.

నెత్తి చర్మం మడిచాక కణతల మీది కండను గీకి పక్కకు తీయాలి, లేకపోతే బ్లేడు పళ్లలో పీచు ఇరుక్కుంటుంది. గీతను కనుబొమల గట్టుకు రెండు మూడు సెంటీమీటర్ల పైనుంచి తీసుకెళ్లి, కణతల దగ్గర కాస్త కోణం తిప్పాలి. అప్పుడే తిరిగి పెట్టిన పుర్రె చిప్ప జారదు, కుట్టాక నుదుటి మీద మెట్టు కనబడదు. బంధువులు చూసేది ముఖాన్నే కదా! బ్లేడును ఒకేచోట నొక్కిపట్టకుండా జరుపుతూ పోవాలి. ఎముక లోపలి పొర తెగబోయే ముందు ఆపి, మిగిలిన పలుచటి ఎముకను టీ ఆకారపు ఉలి దూర్చి మెలితిప్పితే ఊడి వస్తుంది. మాడిన వాసన ఎక్కువైతే బ్లేడు మొద్దుబారినట్టే.

దీని అసలు లోపం పొడి. ఎముక పొడి, రక్తపు తుంపర గాల్లో తేలుతాయి. క్షయ ఉన్న శవమైతే ఆ గదిలో నిలబడ్డ వాళ్లందరికీ ప్రమాదమే. మామూలు సర్జికల్ మాస్కు చాలదు, ఎన్95తో పాటు ముఖానికి షీల్డు కూడా కావాలి. పొడిని పీల్చే డస్ట్ పైపు (వాక్యూమ్ పైపు) లేని మోడల్ చవకే, కానీ మేం సిఫార్సు చేయం. ఇప్పటికే అది కొనేసి ఉంటే తలను పారదర్శక ప్లాస్టిక్ సంచిలో ఉంచి కోయండి. రేబిస్ అనుమానం ఉంటే కరెంటు రంపం ముట్టుకోవద్దు, చేతిరంపమే వాడాలి. నెలల పసికందులకు ఏ రంపమూ అక్కర్లేదు, ఎముకల అతుకుల వెంట కత్తెర చాలు.

మోటారును నీళ్లలో ముంచకూడదు. బ్లేడు విప్పి విడిగా కడగాలి. ఒక శాతం హైపోక్లోరైట్‌తో (బ్లీచ్ ద్రావణం) తుడిచి పది నిమిషాలయ్యాక మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడవకపోతే అది స్టీలును తినేస్తుంది. గాలి రంధ్రాల్లో పొడి పేరుకుంటే మోటారు వేడెక్కి కాలిపోతుంది. విడి బ్లేడ్లు దొరకని కంపెనీ జోలికి పోవద్దు. చాలాచోట్ల రంపం పట్టేది మార్చురీ అటెండరే కాబట్టి, ఆర్డరు పెట్టేముందు డెమో పీసును ఆయన చేతికిచ్చి బరువు చూడమనండి.