ఫారం 541: ఆరేళ్లు వాడాక నా అనుభవం

లండన్ హెండన్ మ్యూజియంలో ఎఫ్1010 అనే పాత బాంబర్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి డీహెచ్9ఏ. నిజాం ప్రభువు బహూకరించిన విమానమని దాని మీద ఇంగ్లిష్‌లో రాసుంది. బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి (విమాన దళానికి) ఆ విమానాలు కొనిచ్చింది మన మీర్ ఉస్మాన్ అలీ ఖానే, అందుకే దానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అని పేరు. ఎఫ్1010 1918 అక్టోబర్ 5న దాడికి వెళ్లి వెనక్కి రాలేదు, అందులోని ఇద్దరూ జర్మన్లకు బందీలుగా చిక్కారు. మౌలాలీలో పెరిగిన నేను ఆ అక్షరాల ముందు చాలాసేపు అలాగే నిలబడిపోయాను. అప్పటినుంచి ఈ స్క్వాడ్రన్ రెండో యుద్ధంలో పోగొట్టుకున్న విమానాల గురించి, వాటిలోని మనుషుల గురించి వెతుకుతూనే ఉన్నాను.

ఈ పనిలో నేను ఎక్కువగా వాడింది బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఆపరేషన్స్ రికార్డ్ బుక్కులు. ఎయిర్ 27 అనే వరుసలో ఉంటాయి. ప్రతి స్క్వాడ్రన్ నెలనెలా రాసుకున్న దినచర్య అది. ఫారం 540లో ఆ రోజు ఏం జరిగిందో క్లుప్తంగా ఉంటుంది. ఫారం 541లో విమానం నంబరు, సిబ్బంది పేర్లు, బయల్దేరిన టైము, దిగిన టైము ఉంటాయి. 2020లో, కరోనా రోజుల్లో, ఖాతా తెరిచినవాళ్లకి డౌన్‌లోడ్ ఉచితం చేశారు. హైదరాబాద్‌లో కూర్చుని నేను ఈ పని చేయగలిగానంటే ఆ ఒక్క నిర్ణయం వల్లే.

మొదటిసారి 541 చదివిన రాత్రి బాగా గుర్తుంది. అన్ని వరుసల్లోనూ దిగిన టైము ఉంది. ఒక్క వరుసలో మాత్రం ఆ గడిలో ఏమీ లేదు. పక్కన ‘తిరిగి రాలేదు’ అన్న అర్థంలో రెండు ముక్కలు. ఆ షీటు టైపు చేసిన గుమాస్తా ముందురోజు క్యాంటీన్‌లో వాళ్ల పక్కనే కూర్చుని టీ తాగి ఉంటాడనిపించి, ఇక కింది వరుస చదవలేకపోయాను.

ఇబ్బందులు లేకపోలేదు. చాలా పేజీలు మసకబారిన కార్బన్ కాపీలు. 3 ఏదో, 8 ఏదో తేలదు. ఒక విమానం నంబరులో ఒక్క అంకె తప్పు చదివి, సంబంధం లేని వేరే స్క్వాడ్రన్ సిబ్బంది వెంట మూడు వారాలు తిరిగాను. అంతకన్నా పెద్ద లోటు ఏంటంటే, ఈ పుస్తకానికి తెలిసింది తిరిగి వచ్చినవాళ్లు చెప్పింది మాత్రమే. పోయిన విమానం ఎక్కడ కూలిందో, ఎవరు బతికారో అందులో సాధారణంగా దొరకదు. దానికి ఎయిర్ 81 అనే వరుస చూడాలి. గల్లంతైనవాళ్ల కోసం ఎయిర్ మినిస్ట్రీ జరిపిన విచారణల ఫైళ్లు అవి. నాకు కావలసినవి ఇంట్లో కూర్చుంటే దొరకలేదు, కాపీలకి డబ్బు కట్టాల్సి వచ్చింది. అంతకుముందు, అన్నీ వెతికిపెడతామన్న ఒక ప్రైవేటు సైటుకి డబ్బు కట్టాను. వాళ్లు పంపినవన్నీ ఉచితంగా దొరికే కాగితాలే. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రికార్డ్ బుక్ ఆగిన చోట కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైటు సాయపడుతుంది. అక్కడ పేరుతో పాటు సమాధి వివరం తప్పకుండా చూడండి, నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఇది. ‘కలెక్టివ్ గ్రేవ్’ అని ఉంటే ఎవరి శరీరం ఏదో విడదీసి గుర్తుపట్టలేక అందరినీ కలిపి పెట్టారని అర్థం. ‘రన్నీమీడ్ మెమోరియల్’ (ఇంగ్లండ్‌లో గల్లంతైన వైమానికుల పేర్లు చెక్కిన స్మారకం) అని ఉంటే సమాధే తెలియదని. అలాంటి పేర్లు ఆ గోడల మీద 20 వేలకు పైగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని లింకన్‌లో ఉన్న బాంబర్ కమాండ్ (బ్రిటన్ బాంబర్ దళం) సెంటర్ వారి మృతుల జాబితా కూడా మంచిదే, ఒకే విమానంలోని వాళ్లందరినీ ఒకచోట చూపిస్తుంది. కానీ నేను ప్రతిసారీ మళ్లీ 541కే వెళ్లి సరిచూసుకుంటాను.

నేను మొదట పట్టుకున్నది 1939 సెప్టెంబర్ 4. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు. ఇంగ్లండ్ సఫక్‌లోని వాటిషామ్ నుంచి 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్ బాంబర్లు ఐదు, 107వ స్క్వాడ్రన్‌వి ఐదు జర్మన్ యుద్ధ నౌకల మీదికి వెళ్లాయి. 110కి నాయకుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్. ‘అడ్మిరల్ షీర్’ నౌకకి తగిలిన బాంబులు పేలలేదు. 107 నాలుగు విమానాలు పోగొట్టుకుంది, మనది ఒక్కటి: ఎన్6199. దాని పైలట్ ఇంటిపేరు ఎమ్డెన్. ఆ విమానం వెళ్లి కూలింది ‘ఎమ్డెన్’ అనే జర్మన్ క్రూయిజర్ (యుద్ధ నౌక) మీద. విమానంలో ఒక్కరూ మిగల్లేదు. ఈ సంగతి చాలా చోట్ల వింతగా చెప్పి వదిలేస్తారు. పేరు కలిసిందన్న వింతలో పడి అతనితో పాటు పోయినవాళ్లని ఎవరూ తలచుకోరు, నాకది చాలా కష్టంగా ఉంటుంది.

ఈ రికార్డ్ బుక్కులకి ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి మసక కాపీలకి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు తేదీ, విమానం నంబరు రాసిపెట్టుకోండి, పేరుతో వెతకడం తర్వాత. 1942లో ఈ స్క్వాడ్రన్ మన దేశానికే వచ్చి వెంజెన్స్ విమానాలకి మారింది. నేనిప్పుడు ఆ పేజీల దగ్గరున్నాను. రాత్రి అన్నం తిన్నాక రోజుకి రెండు షీట్లు.